జాడీలో 0.75

గోదారి వశిష్ఠ పాయలోని ఒక లంకలో డేరా వేసుకుని మూడు రాత్రులు ఉంటాం, ఫ్రిజ్ లేకుండా ఆవకాయ, టమాటా సాస్, మయొనీస్ పట్టుకెళ్లొచ్చా అని నరసాపురం కుర్రాడొకరు అడిగారు. ఆవకాయకి ఫ్రిజ్ ఏమిటండీ! ఫ్రిజ్ పుట్టకముందే పడవలెక్కి తిరిగిందది.

తడి ఉంటే చాలదు, ఆ తడి సూక్ష్మజీవికి అందాలి. ఎంత అందుతుందో చెప్పే కొలతే వాటర్ యాక్టివిటీ. సూక్ష్మజీవుల బతుకు దీని మీద ఎలా ఆధారపడుతుందో 1950లలో ఆస్ట్రేలియాలో స్కాట్ అనే శాస్త్రవేత్త కొలిచి చూపించాడు. స్వచ్ఛమైన నీటికి 1. పదార్థాలను పాడుచేసే బ్యాక్టీరియా చాలామటుకు 0.91 దగ్గర చతికిలబడతాయి. స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా మొండిది, 0.86 దాకా లాక్కొస్తుంది. మామూలు బూజులు 0.80 దాకా. ఇక కరగగలిగినంత ఉప్పూ కరిగిన నీటికి 0.75. ఆవకాయ ఊట పూర్తిగా అంత దూరం పోకపోయినా ఆ దారిలోనే ఉంటుంది, పైగా మామిడి పులుపు తోడు.

ఈ 0.75 అంటే నాకు భలే ఇష్టం, ఎందుకంటే గాలి లెక్క కూడా ఇదే. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ గాలిలోంచి నీళ్లు లాగుతుంది. వానాకాలంలో మన ఉప్పు డబ్బా చెమ్మగిల్లేది అందుకే. గోదారి మీద రాత్రిపూట తేమ 80, 90 శాతం మామూలే. ఊట పైకి తేలి ఉంటే పై పొర ఆ తేమను తాగి పల్చబడుతుంది, బూజు అక్కడ పడుతుంది. అడుగు ముక్క భేషుగ్గా ఉంటుంది! అందుకే పైన పప్పునూనె నిలవాలి. నూనె దేన్నీ చంపదు, గాలికీ ఊటకీ మధ్య తలుపు వేస్తుందంతే.

మూతతో ఇంకో చిక్కు. డబ్బాలో 30 డిగ్రీల గాలి, 75 శాతం తేమ ఉంటే, మూత 5 డిగ్రీలు చల్లబడగానే లోపల చెమట పడుతుంది. ఆ చుక్క నూనెలోంచి దిగి ముక్క మీద కూర్చుంటే, ఆ కాస్త చోట మళ్లీ 1కి దగ్గర. కాబట్టి చిన్న సీసాని నిండుగా నింపి, నీడలో ఇసుకలో మూత దాకా పాతేయండి. ఇసుక లోపల పగటికీ రాత్రికీ తేడా తక్కువ.

ముట్టు రోజుల్లో ఆడవాళ్లు తాకితే జాడీ బూజు పడుతుందని మా ఇంట్లోనూ అనేవారు. బూజుకి ఆ పట్టింపులేవీ లేవు, తడి గరిటె దొరికితే చాలు.

టమాటా సాస్‌కి పులుపు కాపలా, బెంగ లేదు. మయొనీస్ ఒక్కపూట సాషేలే. కొబ్బరి పచ్చడి మాట ఎత్తొద్దు.

పచ్చి వెల్లుల్లిని ఊరికే నూనెలో ముంచి మాత్రం తీసుకెళ్లకండి. ఉప్పూ పులుపూ లేనిచోట ఆ నూనె తలుపే గాలి గిట్టని, విషం చేసే బ్యాక్టీరియా బొట్యులినమ్‌కి ఇల్లవుతుంది. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఇలాంటి వెల్లుల్లి నూనె తిని జనం ఆస్పత్రి పాలయ్యారు. వెల్లుల్లి ఆవకాయకి ఆ భయం లేదు.

పొడి చెంచాలు రెండు పట్టుకెళ్లండి. ఒకటి ఎలాగూ ఎవరో ఒకరు గోదాట్లో కడిగి తెస్తారు.