అభ్రకం దిబ్బల మీద మట్టి కోత: పొలం లెక్క గనికి ఎలా వచ్చింది

నెల్లూరు ప్రాంతంలోని సైదాపురం, పొదలకూరు, రాపూరు మండలాల్లో గనుల పక్కన కనిపించే దిబ్బలు చాలావరకు పాతవి. ఇక్కడ అభ్రకం తవ్వకం 19వ శతాబ్దం చివర్లోనే మొదలైంది. పైమట్టిని విడిగా తీసి దాచాలన్న నియమం అప్పట్లో లేదు. మట్టి, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ ముక్కలు, పనికిరాని అభ్రకం (మైకా) రేకులు అన్నీ కలిపి గుంత అంచునే పోశారు. పైమట్టిని వేరుగా ఉంచాలని, దిబ్బలు జారకుండా చూడాలని, నేలను తిరిగి పచ్చగా చేయాలని 1988 నాటి ఖనిజ సంరక్షణ నియమాలు చెప్పాయి. 2003లో గని మూసివేత ప్రణాళిక తప్పనిసరైంది. 2015 ఫిబ్రవరిలో అభ్రకం, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ చిన్న తరహా ఖనిజాలై రాష్ట్ర నియమాల కిందికి వెళ్లాయి. 2025 ఫిబ్రవరి 20 నోటిఫికేషన్‌తో తిరిగి ప్రధాన ఖనిజాలయ్యాయి.

చట్టం ఇన్నిసార్లు చేతులు మారినా, మొక్కలు నాటిన దిబ్బ నుంచి ఏటా హెక్టారుకు ఎన్ని టన్నుల మట్టి పోతోందన్న ప్రశ్నకు నివేదికల్లో వచ్చే జవాబు మాత్రం ఎక్కువగా ఒకే సూత్రం నుంచి, అంటే మట్టి కోతను అంచనా వేసే USLE అనే సమీకరణం నుంచి వస్తోంది. అది అమెరికా పొలాల్లో పుట్టింది.

విష్‌మయర్, స్మిత్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వేల ప్లాటు-సంవత్సరాల కొలతలను (ఒక ప్లాటులో ఒక ఏడాది కొలిస్తే ఒక ప్లాటు-సంవత్సరం) పోగేసి 1965లో దాన్ని ప్రచురించారు, 1978లో సవరించారు. వాన తాకిడి, మట్టి స్వభావం, వాలు పొడవు-నిటారు, నేల మీది కప్పు, రక్షణ పనులు అనే అంశాలకు ఒక్కో అంకె ఇచ్చి గుణిస్తే ఏడాది సగటు కోత వస్తుంది. ప్రామాణిక ప్లాటు పొడవు 22.13 మీటర్లు, వాలు 9 శాతం. మూల కొలతలు ఎక్కువగా 3 నుంచి 18 శాతం వాలున్న పొలాలవి. 1977లో అమెరికా గనుల పునరుద్ధరణ చట్టం వచ్చాక ఇదే సూత్రం గనుల మీదికి వచ్చింది. ఆ తర్వాత మళ్లీ సవరించిన రూపాన్ని (RUSLE) గనులకు, నిర్మాణ స్థలాలకు ఎలా వాడాలో చెప్పే మార్గదర్శకాలు 1998లో గానీ రాలేదు.

వాలు దగ్గరే పెద్ద తేడా వస్తుంది. లారీ నుంచి వదిలేసిన మట్టి సుమారు 35 డిగ్రీల దగ్గర నిలుస్తుంది, అంటే 70 శాతం వాలు. పాత సమీకరణంలో ఈ కోణానికి నిటారు అంకె 24 దాటుతుంది. 1987లో సవరించిన సమీకరణంలో అదే కోణానికి 9 చిల్లర. ఒకే దిబ్బకు రెండున్నర రెట్ల పైగా తేడా. ఏ సమీకరణం వాడారో రాయని నివేదికను మరో దానితో పోల్చడానికి లేదు.

వాన అంకెలో జరిగే పొరపాటు ఇంకా పెద్దది. మన దేశంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం వార్షిక వర్షపాతాన్ని (మిల్లీమీటర్లలో) 0.363తో గుణించి 79 కలపాలి. 1000 మి.మీ. వానకు 442 వస్తుంది. ఇది పాత మెట్రిక్ యూనిట్ల విలువ. మెగాజౌళ్లలోకి మార్చాలంటే 9.81తో గుణించాలి. అది మరిచి కొత్త యూనిట్ల మట్టి అంకెతో గుణిస్తే కోత పదోవంతుకు పడిపోతుంది. మరీ తక్కువ ఫలితం కనిపిస్తే ముందు ఇక్కడే చూడాలి. పైగా నెల్లూరులో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు-డిసెంబరు మధ్యే పడుతుంది. 2021 నవంబరు, 2023 డిసెంబరు లాంటి కుండపోతలు ఆ సగటులో కలిసిపోతాయి.

మైకా మట్టికి అంకె ఇవ్వడం కష్టం. రేకులు పలచన కాబట్టి జల్లెడలో తమ బరువుకు తగ్గ గడిలో పడవు. నీళ్లలో మెల్లగా దిగుతాయి, మట్టిగడ్డ కట్టనివ్వవు. మట్టి అంకె చదవడానికి సాగుభూముల కోసం గీసిన గ్రాఫులో వీటికి చోటు లేదు. పరిసర పొలం మట్టి విలువను దిబ్బకు అంటించడం సరికాదు.

అసలు చిక్కంతా పచ్చదనంతోనే. 1978 పట్టికలో, చెట్టూ గడ్డీ లేని, కలియదిప్పని నేలకు కప్పు అంకె 0.45. 75 శాతం చెట్ల నీడ ఉండి కింద వట్టినేల అయితే 0.36. చెట్టే లేకుండా 60 శాతం గడ్డి ఉంటే 0.042. ఎనిమిది రెట్లకు పైగా తేడా. ఎత్తైన కొమ్మల నుంచి రాలే చినుకు మళ్లీ వేగం అందుకుని నేలను కొడుతుంది. మన దిబ్బల మీద ఎక్కువగా కనిపించే సర్కారు తుమ్మ కింద గడ్డి సరిగా మొలవదు. ఉపగ్రహ చిత్రం పైనున్న ఆకుల్ని చూసి ఆ దిబ్బను సురక్షితమంటుంది. నాటిన మొక్కల సంఖ్య, బతికిన శాతం అంతకంటే తక్కువ చెబుతాయి.

కప్పును నేల మీదే కొలవాలి. సెప్టెంబరు చివర్లో, ఈశాన్య రుతుపవనాలకు ముందు, 30 మీటర్ల టేపు పరిచి ప్రతి 30 సెం.మీ.కు ఒక చుక్క చొప్పున వంద చోట్ల చూడాలి. గడ్డి, రాలిన ఆకు, కదలని రాయి తగిలిన చుక్కల సంఖ్యే శాతం. ఇలా కనీసం మూడు గీతలు, పై అంచున, నడుమ, అడుగున తీయాలి. అడుగున మాత్రమే కొలిస్తే కొట్టుకొచ్చిన మట్టిలో మొలిచిన గడ్డి లెక్కను పాడుచేస్తుంది.

సూత్రం పిల్లకాలువల వరకే లెక్కిస్తుంది. పెద్ద గండ్లను లెక్కలోకి తీసుకోదు. దిబ్బ పైభాగం చదునుగా ఉండి నీరు ఒకే చోట దిగితే పోయే మట్టిలో ఎక్కువ భాగం ఆ గండిలోదే. గండి వెడల్పు, లోతు, పొడవు విడిగా కొలిచి కలపాలి. ఇనుప కడ్డీలు పాతి, మట్టి పోయి బయటపడిన పొడవు చూస్తే, మిల్లీమీటరు మట్టి పోవడమంటే ఘన మీటరుకు 1.5 టన్నుల సాంద్రత దగ్గర హెక్టారుకు 15 టన్నులు. అయితే కొత్త దిబ్బ తనంతట తానే కుంగుతుంది కాబట్టి మొదటి ఏడాది కడ్డీ లెక్కను నమ్మకూడదు. అడుగున గుంత తవ్వి, వానల తర్వాత అందులో చేరిన పూడికను కొలవడం మేలు. సన్నని రేకులు నీటితో దాటిపోతాయి గనుక ఆ కొలత కనీస పరిమాణమే. దాటిపోయినవి కింది చెరువులో, నిమ్మతోటల కాలువల్లో తేలుతాయి.

ఇప్పుడు క్వార్ట్జ్ కోసం పాత దిబ్బలనే మళ్లీ తిరగేస్తున్న చోట్ల గడ్డి వేరు పోయి, కప్పు అంకె 1 దగ్గరికి వెళ్తుంది. కాబట్టి పాత నివేదికలోని విలువను కొనసాగించకుండా, తవ్విన భాగాన్ని పటంలో వేరుచేసి, వాలునూ కప్పునూ మొదటి నుంచి కొలవాలి. ఆ పని అక్టోబరు రాకముందే పూర్తికావాలి.