మొద్దు అన్నారు, జగద్గురువు అన్నారు

పిల్లలకు,

ఆశీస్సులు. మొన్న మా మనవరాలు హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. ఇంటర్ రెండో సంవత్సరం. వారం టెస్టులో ర్యాంకు బాగా తగ్గిందట. కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, "నేను వేస్ట్ తాతయ్యా" అంది. ఆ మాట రెండు రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు. నోటీసు బోర్డు మీద అంకె చూసింది, పక్కన ఎవరో ఏదో అన్నారు, అదే తన పేరనుకుంది. ఫోన్‌లో దానికి సరిగా చెప్పలేకపోయాను. అందుకే కూర్చుని మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి గారి పేరు మీలో కొందరైనా వినే ఉంటారు. 1895లో మన మదనపల్లెలో, తెలుగు ఇంట్లో పుట్టారు. చిన్నప్పుడు మలేరియా జ్వరాలు. పదేళ్లకే అమ్మ పోయింది. బడికి వెళ్లినా పాఠం మీద ధ్యాస నిలిచేది కాదు. మబ్బుల్నో పురుగుల్నో చూస్తూ ఉండిపోయేవాడు. మాస్టర్లు మొద్దని తేల్చేశారు, బెత్తంతో కొట్టేవారు. తమ్ముడు నిత్యానంద చురుకైన పిల్లాడు కావడంతో అన్న ఇంకా మందంగా కనిపించేవాడు.

1909లో తండ్రి పిల్లల్ని వెంటబెట్టుకుని మద్రాసులోని అడయారుకు, దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) అనే ఆధ్యాత్మిక సంస్థ ఉన్న చోటికి మారారు. అక్కడ సముద్రపు ఒడ్డున ఈ పిల్లవాణ్ణి చూసిన లెడ్‌బీటర్ అనే పెద్దాయన, ఇతడు జగద్గురువు అవుతాడన్నారు. ఆ సమాజపు అధ్యక్షురాలు అనీబిసెంట్ గారు చేరదీశారు. 1911లో ఈ పిల్లవాడి కోసం ఏకంగా ఒక సంస్థనే పెట్టారు. నిన్నటిదాకా బెత్తం దెబ్బలు తిన్న పిల్లాడికి దేశదేశాల వాళ్లు మొక్కడం మొదలుపెట్టారు. పిల్లవాడు మాత్రం అదే పిల్లవాడు!

1925లో తమ్ముడు క్షయతో చనిపోయాడు. తమ్ముడికేమీ కాదని ఆయన గట్టిగా నమ్మి ఉన్నారు. ఆ దెబ్బకు కుమిలిపోయారు, ఆ తర్వాత లోపల చాలా మారింది. 1929 ఆగస్టు 3న నెదర్లాండ్స్‌లోని ఓమెన్‌లో, దాదాపు 3 వేల మంది ఎదుట లేచి నిలబడి, తన కోసం పెట్టిన ఆ సంస్థను తానే రద్దు చేశారు. ఇచ్చిన కోటను, భూముల్ని ఇచ్చినవాళ్లకే తిరిగి ఇచ్చేశారు. అప్పటికి వయసు 34.

మొద్దు అన్న పేరును వదిలించుకోవాలని ఎవరికైనా ఉంటుంది. జగద్గురువు అన్న పేరును వదులుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. నా ముప్పై ఏళ్ల లెక్కల మాస్టరు ఉద్యోగంలో, తిట్లు తిన్న పిల్లల కంటే పొగడ్తలకు అలవాటుపడిన పిల్లలే ఎక్కువ భయపడుతూ ఉండటం చూశాను. ఫస్టొచ్చే పిల్లకి ఒక్కసారి మూడో స్థానం వస్తే ఇంటికి వెళ్లడానికి కాళ్లాడేవి కావు.

ఇక నా సంగతి. ఇది ఎవరికీ రాయలేదు ఇంతవరకు. ఒకరోజు తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి నోట్సు దిద్దుతూ, లెక్క తప్పుందని "మొద్దు వెధవా" అని నోట్సును తలుపు బయటికి విసిరేశాను. అది వరండాలో బోర్లా పడింది. క్లాసంతా చప్పుడు లేదు. వాడు వెళ్లి తెచ్చుకుని, దుమ్ము చొక్కాకి తుడుచుకుని కూర్చున్నాడు.

రాత్రి పడుకున్నాక ఆ తుడుచుకోవడమే కళ్లముందు. ఎందుకంత కోపం వచ్చింది? లెక్క నిజానికి చివరి మెట్టు దాకా సరిగ్గానే ఉంది, ఒక్క మైనస్ గుర్తు మరిచిపోయాడు. ముందు "పిల్లలకి భయం లేకపోతే ఎలా" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది నిలవలేదు. చాలాసేపటికి అసలుది బయటపడింది. ఆ పొద్దున హెడ్మాస్టరు గారు నలుగురి ముందు నన్ను కసిరారు. ఆయనకు ఎదురు చెప్పలేక మింగిన మాట, నాకు ఎదురు చెప్పలేని పిల్లాడి మీద కక్కాను. కోపిష్టినని ఒప్పుకోవడానికి నాకు బాధ లేదు. పిరికివాడినని చూసుకోవడానికి మాత్రం ఒళ్లు వణికింది.

మర్నాడు వాణ్ణి పిలిచి, "నిన్న నాకొచ్చిన కోపం నీ మీద కాదురా" అన్నాను. వాడు తల దించుకునే, "తెలుసు సార్. పొద్దున ఆఫీసు రూమ్ బయట మేం ఉన్నాం" అన్నాడు.

నాకు సగం రాత్రి పట్టింది, పద్నాలుగేళ్ల పిల్లాడికి అప్పటికే తెలుసు. ఇతరులతో మన సంబంధమే మనకు అద్దం అని కృష్ణమూర్తి గారు చెబుతూ ఉండేవారు. ఆ మాట నాకు ఆ రోజు అర్థమైంది. ఆత్మజ్ఞానం అంటే కళ్లు మూసుకుని కూర్చోవడం అనుకునేవాణ్ణి. నాకైతే అది స్టాఫ్ రూమ్ పక్క వరండాలోనే దొరికింది.

అలా చూసుకునేటప్పుడు ఒక్కటి గమనించండి. తప్పు కనపడగానే మనల్ని మనం తిట్టుకోవడం మొదలుపెడతాం. తిట్టడం మొదలైందంటే చూడటం ఆగిపోయినట్టే. "నేను వేస్ట్" అన్నాక ఇంక వెతకడానికేముంది, తలుపు మూసేసినట్టేగా. ఈర్ష్య వస్తే, సరే, వచ్చింది. ఎవరిని చూసినప్పుడు వచ్చింది, ఏ మాటకు వచ్చింది, అప్పుడు ఒంట్లో ఏమైంది, కాసేపు చూడండి. స్నేహితుడి కష్టం వింటాం చూడండి, మధ్యలో అడ్డుపడకుండా, అలా.

మనవరాలికి ఫోన్‌లో చెప్పింది ఇంతే: "ఈసారి టెస్టులో చెయ్యి ఎక్కడ ఆగుతుందో చూసి నాకు చెప్పమ్మా. మార్కులు చెప్పక్కర్లేదు."

నిన్న రాత్రి మళ్లీ చేసింది. "ఫిజిక్స్ రాక కాదు తాతయ్యా. పక్కమ్మాయి పేజీ తిప్పిన చప్పుడు వినపడగానే నా చెయ్యి ఆగిపోతోంది" అంది.

ఉంటాను.

మీ తాతయ్య