టెక్నో వాళ్ళు దారి మార్చితే... అపోహలు - వాస్తవాలు

విజయవాడలో టెక్నో, అంటే యంత్రాలతో చేసే ఒకరకం డాన్స్ సంగీతం, చేస్తున్నానంటే ఎక్కువమంది పెళ్ళి డీజే అనుకుంటారు. తప్పేం లేదు, నా ఇంటద్దె కట్టేది బందరు రోడ్డు ఫంక్షన్ హాళ్ళే. మిగతా టైములో ట్రాకులు చేసుకుంటాను, కొందరు కుర్రాళ్ళకి నేర్పుతాను. ఫలానా ఆర్టిస్టు టెక్నో వదిలేసి ఇంకేదో చేస్తున్నాడు, చెడిపోయాడు అని వాళ్ళు తరచూ తిడుతుంటారు. ఆ తిట్లలో చాలావరకు గాలి కబుర్లే.

అపోహ: దారి మార్చాడంటే డబ్బుకి అమ్ముడుపోయాడు.

వాస్తవం: ఎక్కువసార్లు జరిగేది దీనికి తలకిందులు. 1991లో 'గో' పాటతో అమెరికా సంగీతకారుడు మోబీని రేవ్ జనం, అంటే రాత్రంతా సాగే డాన్స్ పార్టీల వాళ్ళు, నెత్తిన పెట్టుకున్నారు. అదే మనిషి 1996లో గిటార్ పట్టుకుని 'యానిమల్ రైట్స్' అనే పంక్ రాక్ ఆల్బమ్ చేస్తే కొన్నవాళ్ళు తక్కువ. 1999లో వచ్చిన 'ప్లే' కూడా మొదట నెమ్మదిగానే కదిలింది. ఆ తర్వాతే కోటి కాపీలు. జనానికి కోటి గుర్తుంటుంది, మధ్యలో పడిన దెబ్బ గుర్తుండదు. మన దగ్గర లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. సినిమా పాటల రీమిక్స్‌లు వేసినంతకాలం ముహూర్తాల సీజన్‌లో డైరీ ఖాళీ ఉండదు. "నా సౌండ్ మార్చానండీ" అని చూడండి, ఈవెంట్ వాళ్ళు ఫోన్ ఎత్తడం మానేస్తారు.

అపోహ: కొత్త మెషీన్ కొంటే కొత్త దారి దొరుకుతుంది.

వాస్తవం: "అన్నా, ఈ సింథ్ తీసుకుంటే బెర్లిన్ సౌండ్ వచ్చేస్తుందా?" అని అడగని కుర్రాడు లేడు. సింథ్ అంటే సింథసైజర్, కరెంటుతో శబ్దాలు పుట్టించే వాయిద్యం. రోలాండ్ కంపెనీ 1981లో టీబీ-303 అనే చిన్న పెట్టె తెచ్చింది. గిటార్ వాయించేవాళ్ళకి పక్కన బేస్ అందించడం దాని పని. ఆ పనికి అది పెద్దగా పనికిరాలేదు, 1984కల్లా తయారీ ఆగిపోయింది. ఈలోగా బొంబాయిలో సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించే చరణ్‌జిత్ సింగ్ దాన్ని టీఆర్-808 డ్రమ్ మెషీన్‌తో జతచేసి, 1982లో పది రాగాల్ని డిస్కో బీట్ మీద రికార్డు చేశాడు. 303లో స్వరం నుంచి స్వరానికి జారే స్లైడ్ ఉంటుంది. రాగం తెలిసిన చేతికి అది దొరికితే ఇంకేం కావాలి! రికార్డుని ఎవరూ పట్టించుకోలేదు. ఐదేళ్ళ తర్వాత షికాగోలో ఫ్యూచర్ అనే బృందం అదే పెట్టె నాబ్‌లు తిప్పుతూ 'యాసిడ్ ట్రాక్స్' చేస్తే యాసిడ్ హౌస్ అనే కొత్తరకం డాన్స్ సంగీతం మొదలైంది. ఒకే పెట్టె, రెండు దారులు. 2010లో తన రికార్డు మళ్ళీ విడుదలయ్యాక చరణ్‌జిత్ డెబ్బై దాటిన వయసులో యూరప్ స్టేజీల మీద దాన్నే వాయించాడు. కాబట్టి ఈఎంఐ పెట్టి సింథ్ కొనేముందు ఇంట్లో ఉన్నదాని నాబ్‌లన్నీ తిప్పారో లేదో చూసుకోండి.

అపోహ: వేరే పేరుతో రికార్డు వేయడం మోసం.

వాస్తవం: టెక్నోలో ఇది మొదటినుంచీ ఉంది. అమెరికాలో టెక్నో పుట్టిన డెట్రాయిట్‌లో హువాన్ అట్కిన్స్ సైబోట్రాన్ బృందం నుంచి బయటికొచ్చి 1985లో మోడల్ 500 పేరుతో వేశాడు. 1994లో 'మినిమల్ నేషన్'తో టెక్నోని ఎముకల దాకా చెక్కిన రాబర్ట్ హుడ్, చర్చి గానం నిండిన పాటలకి ఫ్లోర్‌ప్లాన్ అనే పేరు పెట్టుకున్నాడు. ఆయన పాస్టర్ కూడా. నాకూ పెళ్ళిళ్ళకి ఒక పేరు, ట్రాకులకి ఇంకో పేరు. రెండోది పెళ్ళికూతురి నాన్నగారికి తెలియకపోవడమే మంచిది.

అపోహ: ఆర్కెస్ట్రాతో కలిశాడంటే టెక్నో వదిలేసినట్టే.

వాస్తవం: డెట్రాయిట్ టెక్నో డీజే జెఫ్ మిల్స్ 2005లో ఫ్రాన్స్‌లో మోంపెలియే ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో వాయించాడు, 2018లో ఆఫ్రోబీట్ డ్రమ్మర్ టోనీ అలెన్‌తో రికార్డు చేశాడు. టెక్నో వాళ్ళ డ్రమ్ మెషీన్ టీఆర్-909ని మాత్రం వదల్లేదు. మన విజయవాడ సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్‌గా చేసిన బాలమురళీకృష్ణ గారు నాలుగు స్వరాలతో లవంగి రాగం కడితే, అదసలు రాగమేనా అన్నవాళ్ళున్నారు. ఈ తగువు అన్నిచోట్లా ఉన్నదే.

అపోహ: కిక్ మీద డప్పు వేస్తే మన టెక్నో అయిపోతుంది.

వాస్తవం: కిక్ అంటే టెక్నోలో ధన్ ధన్ మని మోగే బేస్ డ్రమ్ దెబ్బ. ఇక్కడ నాకు కాస్త కోపం వస్తుంది. కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభల ముందు మోగే డప్పుని ఫోన్‌లో రికార్డు చేసి, గ్రిడ్‌కి క్వాంటైజ్ చేసి (అంటే ప్రతి దెబ్బనీ కంప్యూటర్ లెక్క ప్రకారం సరిగ్గా తాళం మీదికి జరిపి), కింద కిక్ పెట్టేసి "నా కొత్త డైరెక్షన్" అంటారు. లావు పుల్ల దెబ్బకీ సన్న పుల్ల దెబ్బకీ మధ్య ఉండే ఆ కొంచెం ముందు వెనకల్లోనే డప్పు నడక ఉంది. క్వాంటైజ్ మొదట చంపేది దాన్నే. పైగా సన్న పుల్ల చప్పుడు, 909 హైహ్యాట్ (తాళాల్లాంటి సన్నని చప్పుడు) ఒకే స్థాయిలో కొట్టుకుంటాయి. రెండూ ఉంటే రెండూ వినపడవు. తీసేయాల్సింది హైహ్యాట్‌నే.

బెర్లిన్‌లో బేసిక్ ఛానెల్ అనే టెక్నో జోడీలో ఒకడైన మార్క్ ఎర్నెస్టస్ సెనెగల్ వెళ్ళి అక్కడి సబార్ అనే సంప్రదాయ డోలు వాయించేవాళ్ళతో పనిచేశాడు. వాళ్ళ మీద టెక్నో కిక్ రుద్దలేదు. అరేంజ్‌మెంట్‌లో ఒక్కొక్కటీ తగ్గించుకుంటూ పోయాడు, అంటే టెక్నోలో చేసిన పనే చేశాడు.

డప్పు ట్రాకు చేస్తున్నవాళ్ళు ముందు కిక్ మ్యూట్ చేసి వినండి. డప్పు ఒంటరిగా నిలబడితే కిక్ అక్కర్లేకపోవచ్చు. నిలబడకపోతే మళ్ళీ రికార్డు చేయండి, ఈసారి మంచి మైకుతో, డప్పుకి సెగ చూపించాక.