వెళ్లడానికి 9 గంటలు, రావడానికి 11

టోక్యోలో సాయంత్రం 5 గంటలకు విమానం ఎక్కితే శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే రోజు ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో దిగొచ్చు. ఇది పసిఫిక్ సముద్రం మధ్యలో తేదీ మార్చే దినరేఖ చేసే గారడీ. టికెట్ మీద ఉండేవి రెండు ఊళ్ల స్థానిక సమయాలు కాబట్టి వాటిని తీసివేసి లాభం లేదు. నిజంగా గాలిలో గడిచేది తొమ్మిది, తొమ్మిదిన్నర గంటలు. తిరుగు ప్రయాణానికి మాత్రం దాదాపు 11 గంటలు పడుతుంది. దూరం ఎటునుంచి కొలిచినా సుమారు 8,200 కిలోమీటర్లే మరి!

భూమి తిరగడం వల్లే ఈ తేడా అనుకునేవాళ్లు చాలామంది. భూమితోపాటు గాలీ తిరుగుతుంది కాబట్టి ఆ వాదన నిలవదు. కాకపోతే భూభ్రమణం పాత్ర వేరే రకంగా ఉంది. ఉష్ణమండలపు వేడిగాలి ధ్రువాల వైపు సాగుతుంటే దాన్ని తూర్పుకు మళ్లించేది అదే. అలా 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున ఏర్పడే గాలి ప్రవాహమే జెట్ స్ట్రీమ్. తూర్పుకు పోయే విమానాన్ని అది వెనకనుంచి తోస్తుంది, పడమటికి వచ్చేదానికి ఎదురొస్తుంది. చలికాలంలో జపాన్ మీద దాని వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది కూడా.

1920లలో జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వసబురో ఓయిషి బెలూన్లు ఎగరేసి ఈ గాలిని కొలిచాడు. 1926లో ఎస్పెరాంటో అనే కృత్రిమ భాషలో నివేదిక అచ్చువేశాడు. బయటి ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. 1952లో అమెరికా విమాన సంస్థ పాన్‌యామ్ విమానం ఒకటి కావాలని ఈ గాలిలోకి ఎక్కి, టోక్యో నుంచి హొనొలులుకు 18 గంటలు పట్టే ప్రయాణాన్ని పదకొండున్నర గంటల్లో ముగించింది.

పోనీ, పోయేటప్పుడు కలిసొచ్చింది వచ్చేటప్పుడు పోతుంది, చెల్లుకు చెల్లు అనుకుందామా? లెక్క వేసి చూడండి. గాలి లేనప్పుడు గంటకు 900 కిలోమీటర్లు పోయే విమానానికి రానూపోనూ 18 గంటల 13 నిమిషాలు చాలు. 100 కిలోమీటర్ల గాలి వీస్తే వెళ్లేటప్పుడు వేగం 1,000, వచ్చేటప్పుడు 800. మొత్తం 18 గంటల 27 నిమిషాలు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం గనుక నష్టం ఎప్పుడూ లాభాన్ని మించే ఉంటుంది.

అందుకే దారులు కూడా వేరవుతాయి. రెండు ఊళ్లూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నా, భూమి గుండ్రం కాబట్టి అతి దగ్గరి దారి వంపు తిరిగి 48 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా, అలాస్కా దగ్గరి అల్యూషియన్ దీవుల దిశగా ఎక్కుతుంది. పటం మీద స్కేలు పెట్టి గీసే గీతకన్నా ఇది 450 కిలోమీటర్లు తక్కువ. అయినా తూర్పుకు పోయే విమానం తరచూ ఈ దారి వదిలి, గాలి ఉన్నచోటికి దక్షిణంగా జరుగుతుంది. పడమటికి వచ్చేది గాలిని తప్పించుకుంటూ ఇంకా ఉత్తరానికి పోతుంది. ఏ రోజు దారి ఆ రోజు గాలిని బట్టే.

రెండు గంటలు అదనంగా ఎగరాలంటే ఇంధనమూ అదనంగా నింపాలి. ఆ ఇంధనాన్ని మోయడానికి మరికొంత ఖర్చవుతుంది. ఎదురుగాలి మరీ జోరుగా ఉన్న రోజుల్లో కొంత సరుకు దించేసి, ఆ మేరకు ఇంధనం నింపుకొని బయల్దేరే విమానాలూ ఉంటాయి.