డైలాగ్‌కు సొంత విండో: సిస్టమ్ బార్ల చిక్కు వెనుక పదిహేనేళ్ల చరిత్ర

ఆండ్రాయిడ్ యాప్‌లో ప్రధాన తెరకు చక్కగా కుదిరిన స్టేటస్ బార్ (పైన సమయం, బ్యాటరీ చూపే పట్టీ), దాని మీద డైలాగ్ అనే పాప్-అప్ పెట్టె తెరవగానే తీరు మార్చుకుంటుంది. దాచి ఉంచిన నావిగేషన్ బార్ (వెనక్కి, హోమ్ బటన్లుండే కింది పట్టీ) తిరిగి ప్రత్యక్షమవుతుంది. కొత్త డెవలపర్లు ఇది యాప్ రంగులు, రూపం నిర్ణయించే తమ థీమ్ ఫైలులోని లోపమేనని గంటల తరబడి వెతుకుతారు. అసలు కారణం ఆండ్రాయిడ్ తొలి రోజుల నాటి ఏర్పాటులో ఉంది. యాప్‌లోని ఒక్కో తెరను ఆండ్రాయిడ్ యాక్టివిటీ అంటుంది. దాన్ని గీసేందుకు సిస్టమ్ ఇచ్చే చోటు విండో. యాక్టివిటీకి ఒక విండో ఉన్నట్టే డైలాగ్‌కూ సొంత విండో ఉంటుంది. చూసేవారికి రెండూ ఒకే యాప్ అయినా, సిస్టమ్ లెక్కలో అవి వేర్వేరు.

స్టేటస్ బార్ పూర్తిగా సిస్టమ్ సొత్తుగా, వెనక్కి వెళ్లే బటన్లు ఫోన్ ఒంటి మీద ఉన్నంతకాలం ఈ ఏర్పాటు ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. 2011లో హనీకోంబ్ అనే ఆండ్రాయిడ్ వెర్షన్‌తో టాబ్లెట్లలోనూ, అదే ఏడాది ఐస్ క్రీమ్ శాండ్‌విచ్‌తో ఫోన్లలోనూ ఆ బటన్లు తెర మీదికి వచ్చాయి. 2013లో కిట్‌కాట్ ఇచ్చిన ఇమ్మర్సివ్ మోడ్ రెండు బార్లనూ దాచే వీలు కల్పించడంతో చిక్కు బయటపడింది. దాచమన్న అభ్యర్థన యాక్టివిటీ విండోది. డైలాగ్ తెరుచుకోగానే ఫోకస్, అంటే వాడేవారి తాకిళ్లు, టైపింగ్ అందుకునే వంతు, దాని విండోకు మారుతుంది కనుక, ఆట మధ్యలో ఒక చిన్న ప్రశ్న అడిగినా నావిగేషన్ బార్ పైకి వచ్చేది. డైలాగ్‌ను చూపే ముందు దాని విండోకు ఫోకస్ అందకుండా చేసి, బార్లను దాచమని చెప్పే యాక్టివిటీ సెట్టింగులను (ఫ్లాగ్‌లను) దానికి కాపీ చేసి, చూపిన తరువాత ఫోకస్ తిరిగి ఇచ్చే ఉపాయం అప్పుడు పుట్టిందే. అందంగా లేకపోయినా పని చేసింది.

2014లో లాలీపాప్ వెర్షన్, మెటీరియల్ డిజైన్ అనే గూగుల్ కొత్త రూపశైలితో పాటు స్టేటస్ బార్‌కు, నావిగేషన్ బార్‌కు రంగు వేసే అధికారాన్ని యాప్‌లకు ఇచ్చింది. నిజానికి ఆ అధికారం యాప్‌కు కాదు, విండోకు దక్కింది. మన గోడకు వేసిన సున్నం పక్కింటి గోడకు అంటనట్టే, యాక్టివిటీ రంగు తెర నిండా తెరిచిన డైలాగ్‌కు రాదు. దాని థీమ్‌లో విడిగా చెప్పకపోతే పైన నల్లని పట్టీ మిగిలేది. 2015లో మార్ష్‌మాలో లేత రంగు స్టేటస్ బార్ మీద ముదురు ఐకాన్లకు అనుమతించింది గానీ, వెనుక భాగాన్ని మసకబార్చే డైలాగ్ వస్తే ఆ ఐకాన్లను సిస్టమ్ మళ్లీ తెల్లగా మార్చేది. మసక మీద తెలుపే స్పష్టం కనుక ఆ నిర్ణయంలో తర్కం ఉంది. డెవలపర్‌కు మాత్రం తన థీమ్‌ను ఎవరో చెరిపేసినట్టు తోచేది. నావిగేషన్ బార్‌కు ముదురు ఐకాన్లు 2017లో ఓరియోతో గాని రాలేదు.

ఐఓఎస్‌లో ఇదే ప్రశ్న 2013లో ఐఓఎస్ 7తో తలెత్తింది. పైన తెరిచిన కంట్రోలర్ (ఒక తెరను నడిపే కోడ్) స్టేటస్ బార్ తీరును తన చేతిలోకి తీసుకోవాలా వద్దా అన్నది తేల్చే ఒక ప్రాపర్టీని ఆపిల్ అప్పుడే చేర్చింది. ఆండ్రాయిడ్‌లో అంత సూటి జవాబు దొరకలేదు. 2020లో ఆండ్రాయిడ్ 11 పాత ఫ్లాగ్‌లను పక్కనపెట్టి, బార్లను చూపడం, దాచడం చేసే విండో ఇన్‌సెట్స్ కంట్రోలర్‌ను తెచ్చింది. ఇన్‌సెట్ అంటే తెర అంచుల్లో బార్లు ఆక్రమించే చోటు. పద్ధతి శుభ్రపడినా, ఆ కంట్రోలర్‌నూ విండో నుంచే అడిగి తీసుకోవాలి. తెరలు రాసేందుకు గూగుల్ ఇచ్చిన కొత్త సాధనం జెట్‌ప్యాక్ కంపోజ్‌లోని డైలాగ్ కూడా లోపల వేరే విండోనే తెరుస్తుంది. ఒకే కోడ్‌తో వేర్వేరు పరికరాలకు యాప్‌లు రాసే మైక్రోసాఫ్ట్ సాధనం మావీలో, డాట్‌నెట్ 9తో మోడల్ (modal) పేజీలు, అంటే ఉన్న తెరను కప్పి తెరుచుకునే పేజీలు, డైలాగ్‌గా తెరుచుకునే డైలాగ్ ఫ్రాగ్మెంట్ల మీదికి మారినప్పుడు, అంతవరకు సరిగ్గా ఉన్న స్టేటస్ బార్ రంగు ఆ పేజీల్లో తప్పడం ఈ చరిత్ర తెలిసినవారికి వింతగా తోచదు.

2024లో ఆండ్రాయిడ్ 15 రంగుల అధ్యాయాన్ని దాదాపు ముగించింది. ఏపీఐ 35ను (ఆండ్రాయిడ్ 15కు డెవలపర్లు వాడే సంఖ్య) లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌ల తెర అంచు నుంచి అంచు వరకు పరుచుకుంటుంది. స్టేటస్ బార్‌కు రంగు వేసే పాత పిలుపు అక్కడ పని చేయదు. తాత్కాలికంగా తప్పించుకునేందుకు ఇచ్చిన వెసులుబాటును, ఏపీఐ 36ను లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లకు ఆండ్రాయిడ్ 16 తీసివేసింది. 2025 ఆగస్టు 31 నుంచి గూగుల్ ప్లేలో కొత్త యాప్‌లకూ అప్‌డేట్లకూ ఏపీఐ 35 తప్పనిసరి కావడంతో వాయిదాకూ పెద్దగా చోటు లేదు. ఇప్పుడు తెర నిండా తెరిచే డైలాగ్‌లో శీర్షిక స్టేటస్ బార్ చాటుకు, సేవ్ బటన్ నావిగేషన్ బార్ చాటుకు జారుతున్నాయి. బార్ల కొలతలు తెలుసుకుని చోటు వదిలే ఇన్‌సెట్ లిజనర్ అనే కోడ్‌ను యాక్టివిటీలో రాస్తే అది డైలాగ్‌లోని వీటిని అందుకోలేదు కనుక, డైలాగ్ విండోలోని వ్యూకు (తెర మీది భాగానికి) దాన్ని విడిగా తగిలించవలసి వస్తోంది.