రాత్రి విధులు, చెదిరిన నిద్ర, పోలీసుల రక్తంలో కొవ్వు

కొలెస్ట్రాల్ పరీక్ష చేయించుకోబోయే వారికి ముందు రోజు భోజనం తర్వాత పది, పన్నెండు గంటలు ఏమీ తినకుండా ఉదయం పరగడుపున రమ్మని చెప్పడం చాలా చోట్ల వాడుక. వచ్చే మనిషి రాత్రి నిద్రపోయి లేచి వస్తాడన్న ఊహ మీదే ఈ వాడుక నిలబడి ఉంది. రాత్రంతా గస్తీ తిరిగి, రెండు గంటల వేళ దొరికినదేదో తిని, డ్యూటీ దిగగానే రక్తం ఇవ్వడానికి వచ్చిన పోలీసు విషయంలో ఆ ఊహ చెల్లదు. ఉదయం ఎనిమిది గంటలకు అతను తిని ఆరు గంటలే అయి ఉంటుంది. పైగా అర్ధరాత్రి తిన్న ఆహారంలోని కొవ్వు రక్తం నుంచి తొలగడానికి పగటి భోజనం కంటే ఎక్కువ సేపు పడుతుందని, ఒకే రకమైన భోజనాన్ని పగలూ రాత్రీ తినిపించి చూసిన ప్రయోగాల్లో తేలింది. అందువల్ల రాత్రి విధుల్లో ఉన్నవారు సెలవు రోజున, ఒక రాత్రి సరిగా నిద్రపోయాక రక్తం ఇస్తే ఆ అంకెలు మరింత నమ్మదగినవిగా ఉంటాయి. అయితే సమస్య పరీక్ష వేళతో తీరిపోయేది కాదు. సరైన వేళకు పరీక్షించినా షిఫ్టుల్లో పనిచేసేవారి రక్తంలో కొవ్వుల తీరు ఇతరుల కంటే భిన్నంగా ఉంటోందని అనేక దేశాల అధ్యయనాలు చూపుతున్నాయి. పోలీసు రక్త పరీక్ష నివేదికలో అంకెలు చెడుగా కనబడినప్పుడు అందరి వేలూ అతని తిండి వైపే చూపుతుంది. డ్యూటీ చార్టును అడిగి చూసేవారు అరుదు.

లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలోని కొవ్వుల పరీక్ష, నివేదికలో ప్రధానంగా నాలుగు అంకెలుంటాయి. డెసిలీటరు రక్తానికి మొత్తం కొలెస్ట్రాల్ 200 మిల్లీగ్రాముల లోపు, మరో రకం కొవ్వైన ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండడం మంచిదని, చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 100 లోపు ఉంటే శ్రేష్ఠమని, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ పురుషుల్లో 40కి, స్త్రీలలో 50కి తగ్గకూడదని సాధారణంగా చెబుతారు. ఎల్‌డీఎల్ ధమనుల గోడల్లో చేరి పూడికకు కారణమవుతుంది కాబట్టి వైద్యులు దానిమీదే ఎక్కువ దృష్టి పెడతారు. షిఫ్టుల విషయానికి వస్తే మాత్రం మిగిలిన రెండింటిని, అంటే ట్రైగ్లిజరైడ్లనూ హెచ్‌డీఎల్‌నూ ముందుగా చూడాలి.

మన రక్తంలోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం ఆహారం నుంచి వచ్చినది కాదు, శరీరం తానే తయారు చేసుకున్నది. ఆ పనిలో కాలేయానిది పెద్ద పాత్ర. ఈ తయారీ రోజంతా ఒకే వేగంతో సాగదు. మామూలుగా రాత్రి నిద్రపోయే మనుషుల్లో అది రాత్రి వేళ ఉద్ధృతమవుతుంది, పగటిపూట తగ్గుతుంది. తయారీకి కీలకమైన హెచ్‌ఎంజీ-కోఏ రిడక్టేజ్ అనే ఎంజైముతో పాటు, కొలెస్ట్రాల్‌ను పైత్యరస ఆమ్లాలుగా మార్చి వదిలించుకునే ఎంజైము కూడా, శరీరంలోని పనులకు వేళలు నిర్ణయించే జీవ గడియారపు అదుపులోనే ఉంటుంది. అకీరా ఎండో 1970లలో ఒక బూజు నుంచి వేరుచేసిన పదార్థంతో మొదలైన స్టాటిన్ మందులు అడ్డుకునేది ఈ రిడక్టేజ్‌నే. సిమ్వాస్టాటిన్ వంటి మందుల ప్రభావం కొద్ది గంటలే ఉంటుంది కనుక వాటిని రాత్రి వేసుకోమంటారు. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ ఎక్కువ సేపు పనిచేస్తాయి కాబట్టి వాటికి వేళ పట్టింపు అంతగా లేదు. వారానికోసారి షిఫ్టు మారే పోలీసుకు "పడుకునే ముందు వేసుకోండి" అని చీటీ రాసిస్తే, ఆ మాట ఒక వారం రాత్రి పదింటికి, మరో వారం ఉదయం తొమ్మిదింటికి అని అర్థమవుతుంది. తాను ఏ వేళల్లో పనిచేస్తున్నాడో అతను వైద్యునికి చెప్పి తీరాల్సిన సమాచారమే, వైద్యుడు అడగకపోయినా సరే.

జీవ గడియారం అనగానే అది మెదడులో ఉండే ఒకే ఒక్క గడియారమని అనుకుంటాం. మెదడులో హైపోథాలమస్ ప్రాంతాన ఉండే సుమారు 20,000 నాడీకణాల గుంపు ప్రధాన గడియారమన్నది నిజమే. అయితే కాలేయం, క్లోమం, కొవ్వు కణజాలం, కండరాలు, ఇలా దాదాపు ప్రతి అవయవపు కణాల్లోనూ సొంత గడియారాలున్నాయి. వాటిని నడిపే జన్యువుల పనితీరును ఈగల్లో ఛేదించినందుకే జెఫ్రీ హాల్, మైఖేల్ రోస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి దక్కింది. మెదడు గడియారం ప్రధానంగా వెలుతురును బట్టి వేళ సరిచేసుకుంటుంది. కాలేయపు గడియారం చాలా వరకు తిండి వేళలను బట్టి నడుస్తుంది. పగలు మేల్కొని పగలే తినేవారిలో ఈ రెండూ కలిసి నడుస్తాయి. రాత్రి డ్యూటీలో తింటూ, ఉదయం ఇంటికి పోతూ ఎండను చూసే మనిషిలో మెదడు గడియారం పాత వేళనే పట్టుకుని ఉంటుంది, కాలేయం మాత్రం కొత్త వేళకు జరగడం మొదలుపెడుతుంది. అది సర్దుకునేలోగా సెలవు రోజు వస్తుంది. కుటుంబంతో గడపడం కోసం అతను మళ్లీ పగటి మనిషి అవుతాడు.

ఇలా వేళలు తప్పడం వల్ల ఏం జరుగుతుందో 2009లో ఫ్రాంక్ షీర్ బృందం ప్రయోగశాలలో పరీక్షించింది. పదిమంది ఆరోగ్యవంతులను 28 గంటల 'రోజు'లో ఉంచి, వారి నిద్ర, భోజనాలు జీవ గడియారంతో క్రమంగా తప్పిపోయేలా చేశారు. రెండూ పూర్తిగా తలకిందులైన స్థితిలో వారి రక్తంలో గ్లూకోజ్ 6 శాతం, ఇన్సులిన్ 22 శాతం పెరిగాయి, రక్తపోటు కూడా పెరిగింది, తిన్నది చాలని చెప్పే లెప్టిన్ హార్మోను తగ్గింది. చక్కెరల గురించిన ఈ ఫలితానికి కొవ్వులతో ఏం సంబంధమని అడగవచ్చు. ఇన్సులిన్ పెరిగినా గ్లూకోజ్ తగ్గలేదంటే దాని మాట శరీరం సరిగా వినడం లేదన్నమాట. కొవ్వు కణాలు తమలోని కొవ్వును విడుదల చేయకుండా ఆపేది కూడా ఇన్సులినే. దాని మాట చెల్లనప్పుడు కొవ్వు ఆమ్లాలు రక్తంలోకి విడుదలై కాలేయానికి చేరతాయి. కాలేయం వాటిని ట్రైగ్లిజరైడ్లుగా మార్చి, వీఎల్‌డీఎల్ అనే రేణువుల్లో నింపి తిరిగి రక్తంలోకి పంపుతుంది. ఈ రేణువులు ఎక్కువైనప్పుడు రక్తంలో ఒక రకమైన మార్పిడి జరుగుతుంది: వీఎల్‌డీఎల్ తన ట్రైగ్లిజరైడ్లను హెచ్‌డీఎల్, ఎల్‌డీఎల్ రేణువులకు ఇచ్చి వాటి కొలెస్ట్రాల్‌ను తాను తీసుకుంటుంది. అలా మారిన హెచ్‌డీఎల్ త్వరగా విచ్ఛిన్నమై దేహం నుంచి తొలగిపోతుంది. ఎల్‌డీఎల్ మొత్తం అంకె పెద్దగా మారకపోయినా దాని రేణువులు చిన్నవిగా, సాంద్రంగా తయారవుతాయి. నివేదికలో ఎల్‌డీఎల్ మామూలుగానే ఉందని ఊరటపడే మనిషికి కూడా ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా, హెచ్‌డీఎల్ తక్కువగా ఉంటే ఈ మార్పు జరుగుతోందని అనుమానించాలి.

నిద్ర తగ్గినప్పుడు కూడా కథ ఇదే దారిలో నడుస్తుంది. నిద్రలేమిలో అడ్రినలిన్ వంటి ఒత్తిడి హార్మోన్ల ప్రభావం పెరుగుతుంది. అవి కొవ్వు కణాల నుంచి కొవ్వు ఆమ్లాలను విడిపిస్తాయి. సాయంత్రానికి తగ్గిపోవలసిన కార్టిసాల్ అనే మరో ఒత్తిడి హార్మోను తగ్గదు. 2004లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే నిద్రపోనిచ్చినప్పుడు వారిలో లెప్టిన్ 18 శాతం తగ్గి, ఆకలి పుట్టించే ఘ్రెలిన్ 28 శాతం పెరిగింది. తీపి, ఉప్పటి చిరుతిళ్ల వంటి వాటి మీద కోరిక ఎక్కువైంది. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్నవాడు చిరుతిళ్లకు చేయి చాపడాన్ని నిగ్రహం లేకపోవడంగా మాత్రమే చూడడం సరికాదని నా అభిప్రాయం.

నిద్ర ఎంతసేపన్నది ఒక లెక్క అయితే, అది ఎలా ఉన్నదన్నది మరో లెక్క. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవారికి పగటి నిద్ర గంటల లెక్కన తక్కువ కావడమే కాక, పలచబడి మధ్యమధ్యలో తెగిపోతుంది. వెలుతురు, చప్పుడు, ఇంటి పనులు, అన్నిటికీ మించి మేల్కొనే వేళ అయిందంటూ జీవ గడియారం ఇచ్చే సంకేతాలు దాన్ని నిలవనీయవు. నిద్ర నాణ్యతను కొలవడానికి పరిశోధకులు ఎక్కువగా వాడేది 1989లో పిట్స్‌బర్గ్‌లో రూపొందిన ప్రశ్నావళి. నిద్ర పట్టడానికి పట్టే సమయం, మధ్యలో మెలకువలు, నిద్రమాత్రల వాడకం, పగటి మగత వంటి ఏడు అంశాల మీద 21 వరకు మార్కులు వేస్తారు. ఐదు దాటితే నిద్ర బాగాలేదని భావిస్తారు.

పోలీసుల్లో బయటపడని మరో సమస్య నిద్రలో ఊపిరి ఆగిపోతూ ఉండే స్లీప్ ఆప్నియా. అమెరికా, కెనడాలకు చెందిన 4,957 మంది పోలీసులపై జరిపి 2011లో ప్రచురించిన అధ్యయనంలో 40.4 శాతం మందికి ఏదో ఒక నిద్ర రుగ్మత ఉన్నట్లు పరీక్షల్లో సూచన కనిపించింది. అందులో అగ్రస్థానం ఆప్నియాదే, 33.6 శాతం. వీరిలో చాలామంది అంతకుముందు తమకు ఆ జబ్బున్నట్లు ఎరగనివారే. ఊపిరి ఆగిన ప్రతిసారీ రక్తంలో ఆక్సిజన్ పడిపోయి తిరిగి పుంజుకుంటుంది. ఈ హెచ్చుతగ్గులు కాలేయంలో కొవ్వు తయారీని పెంచుతాయని, రక్తంలోని ట్రైగ్లిజరైడ్లను తొలగించే ఎంజైమును మందగింపజేస్తాయని జంతువుల మీద చేసిన ప్రయోగాలు చూపాయి. కాబట్టి మెడ లావుగా ఉండి, గట్టిగా గురకపెడుతూ, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్న పోలీసుకు ఆహార నియమాల కాగితం చేతికివ్వడం కంటే ముందు నిద్ర పరీక్ష చేయించడం సముచితం.

పోలీసుల షిఫ్టుల గురించి అత్యంత నిశితంగా పరిశీలించినది న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగర పోలీసులపై జరిగిన పరిశోధన. దానికి నాయకత్వం వహించిన జాన్ వయొలాంటి స్వయంగా ఒకప్పుడు ఆ రాష్ట్ర పోలీసు విభాగంలో పనిచేసినవాడు. ఎవరు ఎన్నాళ్లు ఏ షిఫ్టు చేశారని పోలీసులను అడిగి రాసుకోకుండా, రోజువారీ జీతాల రికార్డుల నుంచే ఆ వివరాలు తీయడం ఈ పరిశోధనలోని గొప్ప సుగుణం. జ్ఞాపకం తప్పవచ్చు, జీతాల పద్దు తప్పదు. 2009లో వెలువడిన వీరి ఫలితాల్లో నడుము కొలత, ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్, రక్తపోటు, గ్లూకోజ్ అనే ఐదు అంశాలను కలిపి చూశారు. అర్ధరాత్రి షిఫ్టులో ఉన్నవారు సగటున ఇతరుల కంటే చిన్న వయసు వారైనా, వారిలోనే ఈ లోపాలు ఎక్కువగా కనిపించాయి. రాత్రి షిఫ్టుతో పాటు ఆరు గంటల కంటే తక్కువ నిద్ర ఉన్నవారిలో తేడా మరింత స్పష్టమైంది. షిఫ్టునూ నిద్రనూ విడివిడిగా కొలిచి ఊరుకుంటే సగం విషయమే తెలుస్తుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

అయితే బఫెలో ఫలితాలు చిన్న బృందానివి. ఒక సమయంలో తీసిన కొలతల్లో ఏది కారణం, ఏది పర్యవసానం అన్నది తేల్చడం కష్టం. పైగా రాత్రి పని పడనివారు ముందుగానే పగటి షిఫ్టుకు మారిపోతారు. మిగిలేది తట్టుకోగలిగినవారే కాబట్టి అసలు నష్టం లెక్కల్లో తక్కువగా కనబడే అవకాశం ఉంది. అందుకే దీర్ఘకాలం వెంబడించిన అధ్యయనాల అవసరం. జపాన్‌లో ఒక ఉక్కు కర్మాగారపు 6,886 మంది పురుష కార్మికులను 14 ఏళ్లు పరిశీలించగా, మారుతుండే షిఫ్టుల్లో పనిచేసినవారిలో మొత్తం కొలెస్ట్రాల్ పెరిగే ముప్పు ఎక్కువని తేలింది. స్వీడన్‌లో 27,485 మందిని పరిశీలించి 2001లో ప్రకటించిన ఫలితాల్లో స్థూలకాయం, అధిక ట్రైగ్లిజరైడ్లు షిఫ్టు కార్మికుల్లో ఎక్కువగా కనిపించాయి. వీటిని కలిపి చూస్తే ట్రైగ్లిజరైడ్ల విషయంలో ఆధారం గట్టిగా ఉందని, ఎల్‌డీఎల్ విషయంలో అంత గట్టిగా లేదని అనిపిస్తుంది. పైన చెప్పిన కొవ్వు ఆమ్లాల ప్రవాహమే అసలు కారణమైతే అలాగే ఉండాలి కూడా.

కర్మాగారంలో షిఫ్టు ఎప్పుడు ముగుస్తుందో ముందే తెలుస్తుంది. పోలీసుకు అది తెలియదు. రాత్రి డ్యూటీ దిగాక మధ్యాహ్నం కోర్టులో సాక్ష్యం చెప్పాల్సి రావచ్చు, వారాంతపు సెలవు బందోబస్తుకు బలి కావచ్చు, గంటల తరబడి వాహనంలో కూర్చున్నాక ఒక్క క్షణంలో ఎవరినో వెంబడించాల్సి రావచ్చు. ఒత్తిడి హార్మోన్లు రక్తంలోకి వదిలిన కొవ్వు ఆమ్లాలు కండరాల్లో ఖర్చయితే నష్టం లేదు. కుర్చీలోనే కూర్చుని ఆ ఒత్తిడినంతా భరించినప్పుడు ఆ కొవ్వు కాలేయానికే చేరుతుంది.

వ్యక్తులుగా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. అమెరికాలోని శాన్ డియాగో అగ్నిమాపక సిబ్బంది 24 గంటల షిఫ్టుల్లో పనిచేస్తారు. వారిలో 137 మందిపై జరిపి 2022లో ప్రచురించిన పరిశోధనలో, రోజు మొత్తం తిండిని 10 గంటల వ్యవధిలో ముగించమన్నప్పుడు 12 వారాల్లో వీఎల్‌డీఎల్ రేణువుల సైజు తగ్గింది. కడుపు మాడ్చుకోమని కాదు, తినే వేళలను కుదించమని మాత్రమే వారికి చెప్పారు. అర్ధరాత్రి దాటాక పెద్ద భోజనం మానడం, పగటి నిద్రకు గది చీకటిగా ఉంచుకోవడం కూడా పైన చూసిన శరీరధర్మానికి అనుగుణమైనవే.

ఇవన్నీ పోలీసు నెత్తినే పెట్టేసి చేతులు దులుపుకునే ముందు, నలభై ఏళ్ల నాటి ఒక ప్రయోగాన్ని చూడాలి. స్టాక్‌హోమ్ పోలీసులకు అప్పట్లో షిఫ్టులు వెనక్కి తిరిగేవి: రాత్రి తర్వాత మధ్యాహ్నం, ఆ తర్వాత ఉదయం. క్రిస్టినా ఓర్త్-గోమెర్ 45 మంది పోలీసులను కొన్ని వారాలు ఇదే పద్ధతిలోనూ, మరికొన్ని వారాలు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే ముందుకు తిరిగే క్రమంలోనూ పనిచేయించి పోల్చి చూసి, 1983లో ఫలితాలు ప్రకటించింది. పని గంటలు పెంచలేదు, తగ్గించలేదు, మందులివ్వలేదు. ముందుకు తిరిగే క్రమంలో వారి నిద్ర మెరుగైంది, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు, గ్లూకోజ్ తగ్గాయి, మూత్రంలో ఒత్తిడి హార్మోన్లు తగ్గాయి. మనిషి జీవ గడియారపు సహజ ఆవృత్తి సగటున 24 గంటల కంటే కొద్దిగా ఎక్కువ. అందువల్ల ముందటి కంటే త్వరగా నిద్రపోవడం కంటే ఆలస్యంగా నిద్రపోవడం శరీరానికి తేలిక.

షిఫ్టు నిడివి మీద కూడా ఇలాంటి ప్రయోగమే జరిగింది. అమెరికాలోని డెట్రాయిట్, ఆర్లింగ్టన్ పోలీసులను లాటరీ పద్ధతిలో 8, 10, 12 గంటల షిఫ్టులకు కేటాయించి 2011లో ఫలితాలు ప్రకటించారు. 10 గంటల షిఫ్టు వారు 8 గంటల వారి కంటే రోజుకు అరగంటకు పైగా ఎక్కువ నిద్రపోయారు, అదనపు గంటల పని వారికి చాలా తక్కువ పడింది. 12 గంటల షిఫ్టు వారిలో మాత్రం నిద్రమత్తు పెరిగి, విధుల్లో అప్రమత్తత తగ్గింది.