మాల్దీవుల ఫండిత, జిన్నులు: అపోహలు - వాస్తవాలు

మాల్దీవుల జానపద విశ్వాసాలపై పనిచేస్తున్నానని తెలిసిన తెలుగువారు నన్ను సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు. పౌరులందరూ ముస్లిములే అయిన దేశంలో మంత్రతంత్రాలు ఎలా ఉంటాయన్నది మొదటిది, ఉంటే అవి మన చేతబడి, బాణామతి వంటివేనా అన్నది రెండోది. మతం ఒక గట్టున, మంత్రం మరో గట్టున ఉంటాయన్న ఊహ ఈ రెండు ప్రశ్నల వెనుకా ఉంది. ఆ దీవులవారు తప్పొప్పుల మధ్య గీత గీసే చోటు వేరు కాబట్టి, అక్కడి నుంచే మొదలుపెట్టడం మంచిది.

అపోహ: ఫండిత అంటే చేతబడి.

వాస్తవం: మాల్దీవుల భాష అయిన దివేహీ మాట్లాడేవారికి ఫండిత వేరు, సిహురు వేరు. జ్వరం తగ్గించడానికి, పిల్లలకు తగిలిన దిష్టి తీయడానికి, పడవకు చేపలు పడేలా చేయడానికి, జిన్ను, అంటే ఇస్లాం చెప్పే కంటికి కనబడని జీవి, పట్టిందనుకున్న మనిషికి ఊరట కలిగించడానికి చేసేది ఫండిత. ఒకరిని చంపడానికి, జబ్బున పడేయడానికి, కాపురం చెడగొట్టడానికి చేసేది సిహురు. రెండింటిలోనూ అవే అక్షరాలు, అవే దారాలు, అవే సామగ్రి కనిపించవచ్చు, కాని తేడా ఉద్దేశంలో ఉంది. డాక్టరు లేని దీవిలో ఫండిత తెలిసినవాడే తరచుగా మూలికలు తెలిసినవాడు, నక్షత్రాలు లెక్కగట్టేవాడు, నలుగురూ సలహా అడిగే పెద్దమనిషి కూడా. అతన్ని భూతవైద్యుడు అని అనువదించి ఊరుకుంటే అతని పనిలో సగానికి పైగా మన కంటికి కనబడకుండా పోతుంది. ఉపకారం చేయగలవాడికి అపకారమూ తెలిసే ఉంటుందన్న అనుమానం మాత్రం ఊళ్లో ఎప్పుడూ ఉంటుంది. అతనికి దక్కే గౌరవంలో కొంత ఆ భయం వల్ల వచ్చినదే.

అపోహ: ఇదంతా ఇస్లాంకు ముందున్న బౌద్ధ, హిందూ ఆచారాల అవశేషమే.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది. 1153లో రాజు ఇస్లాం స్వీకరించే నాటికి దీవుల్లో బౌద్ధం ఉండేది, దాని ఆనవాళ్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. సముద్రం మీది నుంచి వచ్చి రోగాలు తెచ్చే ఫురేతలు, మునిమాపువేళ చెట్ల దగ్గర ఎర్రబట్టల్లో కనిపించే హండి అనే ఆడశక్తి అరబ్బు దేశాల నుంచి దిగుమతి అయినవి కావు. గాలులనూ, చేపల రాకనూ, నాట్ల అదనునూ నిర్ణయించే నకై పంచాంగమైతే మన రైతులకు చిరపరిచితమే. సంవత్సరాన్ని పదమూడు పద్నాలుగు రోజుల చొప్పున విభజించి, అస్సిద, కేతి, రోను, మూల అంటూ సాగే ఆ వరుస మన అశ్విని, కృత్తిక, రోహిణి, మూల కార్తెల వరుసే. మనం రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయంటే, అక్కడ అస్సిదతో నైరుతి గాలుల కాలం మొదలవుతుందంటారు.

మిగతా సగం దగ్గరే ఈ వాదన తడబడుతుంది. జిన్నుల ఉనికి ఇస్లాంకు బయటి నుంచి వచ్చి చేరిన నమ్మకం కాదు. ఖురాన్‌లోని 72వ సూరా (అధ్యాయం) పేరే అల్‌-జిన్న్; ముడులపై ఊదే మంత్రగాళ్ల కీడు నుంచి శరణు కోరే మాట 113వ సూరాలో ఉంది. ఫండితకు ప్రధానమైన పనిముట్టు కూడా అరబ్బీ అక్షరమే. పింగాణీ పళ్లెం మీద ఆయత్తులు, అంటే ఖురాన్ వాక్యాలు రాసి, ఆ సిరాను నీళ్లతో కడిగి రోగికి తాగిస్తారు. కాగితం మీద రాసి, చుట్టి, వెండి గొట్టంలో పెట్టి నడుముకు కడతారు. దర్గాలో తాయెత్తు కట్టించుకున్నవారికీ, మగ్రిబ్ నమాజు ముగిసేసరికి పసిబిడ్డను ఎత్తుకొని మసీదు గుమ్మం దగ్గర నిలబడి ఊదించుకున్న హిందూ తల్లులకూ ఇందులో వింతేమీ ఉండదు. పాత దేవతలు జిన్నులలో కలిసిపోయారు, జిన్నులకు మందు గ్రంథం నుంచే వచ్చింది. ఏది ఎక్కడిదని విడదీసే పని మావంటివారికే తప్ప ఆ పళ్లెం కడిగిన నీళ్లు తాగేవారికి అవసరం లేదు.

అపోహ: రన్నమారి కథ పర్యాటకుల కోసం పుట్టించినది.

వాస్తవం: నెలకోసారి సముద్రం నుంచి వచ్చే రన్నమారి అనే భూతానికి ఒక కన్యను తీరంలోని గుడిలో వదిలేవారని, అబుల్‌ బరకాత్ అనే యాత్రికుడు ఆమెకు బదులు తానే రాత్రంతా ఖురాన్ చదువుతూ కూర్చోగా భూతం వెనుదిరిగిందని, అది చూసి రాజు మతం మారాడని ఈ కథ చెబుతుంది. 1343లో మాల్దీవులకు వచ్చి అక్కడ ఖాజీగా పనిచేసిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా దీన్ని నమోదు చేశాడు. స్థానిక చరిత్ర గ్రంథం మాత్రం మతమార్పిడి ఘనతను తబ్రీజ్‌కు చెందిన మరో మహనీయుడికి ఇస్తుంది కాబట్టి దీన్ని జరిగిన చరిత్రగా కూడా తీసుకోలేము.

నాకు కథకన్నా విలువైనది, బతూతా తాను స్వయంగా చూశానని రాసిన దృశ్యం. ఒక రాత్రి జనమంతా దైవనామం బిగ్గరగా పలుకుతున్నారు, పిల్లలు తలల మీద ఖురాన్ ప్రతులు పెట్టుకున్నారు, ఆడవాళ్లు రాగి పాత్రలు మోగిస్తున్నారు. సంగతేమిటని అడిగితే సముద్రం వైపు చూడమన్నారట. చూస్తే దీపాలు నిండిన ఓడ వంటిది కనిపించింది. మతం మారి దాదాపు రెండు శతాబ్దాలు గడిచినా ఆ భూతం రావడం మానలేదు, దాన్ని పంపే పద్ధతి మాత్రం మారింది. దీవులవారి సొత్తు ముట్టుకుంటే కీడు తప్పదని సముద్రపు దొంగలకు ఎంత భయమంటే, తమలో ఒకడు నిమ్మకాయ ఎత్తుకొచ్చినా నాయకుడు వాడిని చావగొట్టేవాడని కూడా ఆయన రాశాడు. ఆయుధాలు అంతగా లేని ఆ ప్రజలకు ఈ పేరే ఒక కోటగోడ.

అపోహ: ఇవి చదువులేని పామరుల నమ్మకాలు, ప్రభుత్వం పట్టించుకోదు.

వాస్తవం: ప్రభుత్వం పట్టించుకోని కాలం లేదనే చెప్పాలి. ఫండిత చేయదలచినవారు ఆరోగ్య మంత్రిత్వ శాఖ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలని చట్టం ఉంది. ఆ దేశంలో న్యాయస్థానం తీర్పుతో చివరిసారి మరణశిక్ష అమలైంది 1953లో. ఆ శిక్షకు గురైన హకీం దీదీ మీద మోపిన నేరం మంత్రప్రయోగంతో హత్యకు కుట్ర పన్నడం. 2013 అధ్యక్ష ఎన్నికలకు ముందు గురైధూ దీవిలో, పోలింగ్ జరగాల్సిన పాఠశాల దగ్గర అరబ్బీ రాతలున్న లేత కొబ్బరిబోండం దొరికితే పోలీసులు దాన్ని స్వాధీనం చేసుకొని, మంచి మంత్రం తెలిసిన ఒకాయనను పిలిపించి పరీక్ష చేయించారు. ఆయన అది ఉత్తుత్తిదని తేల్చాడు. నవ్వుకునే ముందు మన నాయకులు నామినేషన్ ముహూర్తానికి ఎవరెవరిని సంప్రదిస్తారో ఒక్కసారి గుర్తుచేసుకోవాలి.

అపోహ: నమ్మకమే కదా, ఎవరికీ నష్టం లేదు.

వాస్తవం: నష్టం ఉంది. 2023లో ఒక దీవిలో చేతబడి చేస్తోందన్న అనుమానంతో ఒక వృద్ధురాలిని పొడిచి చంపారు. ఆమె అలాంటిది చేసినట్టు పోలీసులకు ఏ ఆధారమూ దొరకలేదు. బాణామతి పేరుతో మెదక్ పల్లెల్లో జరిగిన దారుణాలు తెలిసినవారికి ఇందులోని తీరు వెంటనే అర్థమవుతుంది: మందుకు లొంగని జబ్బు, ఇరుగుపొరుగు మధ్య పాత కక్ష, ఒంటరి మనిషి.

అపోహ: రిసార్టులు, స్మార్ట్‌ఫోన్లు వచ్చాక ఇవన్నీ పోయాయి.

వాస్తవం: పోయింది ఫండిత పెద్దమనిషి గౌరవమే తప్ప జిన్ను భయం కాదు. గత కొన్ని దశాబ్దాల్లో సంస్కరణవాద బోధకులు తాయెత్తులనూ, గళ్లలో అక్షరాలు నింపి రాసే చదరాలనూ షిర్క్ అని, అంటే దైవానికి సాటి కల్పించే పాపమని ఖండించారు. వాటి స్థానంలో రుఖ్యా వచ్చింది: వెండి గొట్టాలు లేకుండా, దారాలు లేకుండా, ఖురాన్‌ను పఠించి ఊదడం మాత్రమే. రోగం జిన్ను వల్ల, సిహురు వల్ల వచ్చిందన్న నిర్ణయం మాత్రం చెక్కుచెదరలేదు. పైగా తాయెత్తు ఇచ్చినవాడే ఇప్పుడు సిహురు చేసినవాడిగా అనుమానితుడవుతున్నాడు. ఆసుపత్రికి వెళ్లేవారు రుఖ్యాకూ వెళ్తారు, ఒకటి మానుకొని మరొకటి పట్టుకోవడం అరుదు. ఈ మార్పులో నష్టపోయినవి మూలికల పరిచయం, నకై లెక్కలు. నిజంగా దయ్యాలతో సంబంధం లేని ఆ విద్య, ఫండిత పేరు మోసినందుకే దానితోపాటు మరుగున పడుతోంది.